వాడలో పుట్టినోళ్ళం, వాడలోనే ఉంటాం

(విజయవాడ సింగ్‌నగర్ వైపు ఒక ఆదివారం జరిగిన దళిత కార్యకర్తల కూడికలో, ఆ చుట్టుపక్కల వాడల్లోనే హిజ్రాల, ఎల్‌జీబీటీ మనుషుల సంఘాన్ని నడుపుతున్న వాలంటీర్లలో ఒకరు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరు చెడకుండా రాసుకున్నాం. వారు కోరినందువల్ల పేరు వేయడం లేదు.)



అన్నలారా, అక్కలారా, ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మలారా! నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. పది నిమిషాల్లో ముగించేదాన్నయితే ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఎందుకు కూర్చుంటాను? కాస్త ఎక్కువే పడుతుంది. ఓపిక పట్టండి.

పిలవడానికి వచ్చినప్పుడు అన్న "మీ వాలంటీర్ల గురించి చెప్పు" అన్నాడు. వాలంటీరు అనగానే మన రాష్ట్రంలో ఎవరికైనా 2019 నుంచి 2024 దాకా తిరిగిన పిల్లలు గుర్తొస్తారు. యాభై ఇళ్ళకొకరు, నెలకి ఐదు వేలు, ఒకటో తారీఖు తెల్లారకముందే తలుపు తట్టి ముసలమ్మ చేతిలో పింఛను పెట్టిన పిల్లలు. మా వాలంటీర్లు వాళ్ళు కారు. మాకు యాభై ఇళ్ళ లిస్టు ఎవరూ ఇవ్వలేదు. అసలు ఆ లిస్టుల్లో లేని ఇళ్ళే మావి. మాకు జీతం లేదు, ఆఫీసు లేదు. బుడమేరు కట్ట పక్కన ఒకామె రేకుల షెడ్డు ముందు చాప పరిస్తే అదే మా ఆఫీసు. ఆదివారం సాయంత్రం కూర్చుంటాం.

మేం పదకొండు మందిమి. ఒకరు టిఫిన్ బండి నడుపుతారు. ముగ్గురు దుకాణాల వెంట తిరిగి అడుక్కుంటారు. అడుక్కుంటారని నేనే అంటున్నాను, నాకేం నామోషీ లేదు, నేనూ ఆ ముగ్గురిలో ఒకదాన్నే. ఒకడు ఆటోనగర్‌లో లారీలకి రంగులేస్తాడు. ఒకమ్మాయి బట్టల షాపులో పన్నెండు గంటలు నిలబడుతుంది. ఒక కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు, మా అర్జీలన్నీ వాడి చేతిరాతే. మాలో మాలలున్నారు, మాదిగలున్నారు, రెల్లి వాళ్ళున్నారు, ఒక ఎరుకల పిల్ల ఉంది, ఇద్దరు తురకోళ్ళున్నారు. ఏబీసీడీ మీద ఈ చాప మీదే రెండు మాటలున్నాయని నాకు తెలుసు. ఆ తగువులోకి నేనివాళ పోను.

ఎల్‌జీబీటీ అంటే ఏంటని ఇందాక ఒక పెద్దాయన అడిగాడు. నాలుగు ఇంగ్లీషు అక్షరాలు బాబాయ్. ఆడవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళు, మగవాళ్ళని ఇష్టపడే మగవాళ్ళు, ఇద్దరినీ ఇష్టపడేవాళ్ళు, పుట్టినప్పుడు మంత్రసాని చెప్పింది తనది కాదని ఎరిగిన నాలాంటి వాళ్ళు. అక్షరాలు కొత్తవి గానీ మనుషులు కొత్తవాళ్ళు కాదు. మీ ఊళ్ళో కూడా ఉన్నారు. వాళ్ళకి మీరు పెట్టిన పేర్లు కూడా ఉన్నాయి. కొజ్జా, మాడా, ఈ మధ్యన తేడా. నేను అవన్నీ పడ్డాను. పెట్టింది ఊళ్ళో పెద్ద కులాలోళ్ళు మాత్రమే అయితే ఇవాళ ఇక్కడికి వచ్చి చెప్పాల్సిన పని లేకపోయేది.

మాది కృష్ణ పశ్చిమ డెల్టాలో కాలవ కింద ఊరు. చుండూరుకు దగ్గరే. మా తాత అరవై ఏళ్ళవాడు, ఆసామి కొడుకు పదేళ్ళవాడు. ఆ పదేళ్ళవాడు మా తాతని "ఏరా" అని పిలిచేవాడు. తాత "అయ్యా" అనేవాడు. అది చూసి ఒళ్ళు మండేది నాకు. అక్కణ్ణించి తిరిగొచ్చి పాలెంలోకి అడుగుపెట్టగానే మా వాళ్ళ పిల్లలే నా నడక చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఊళ్ళో మా తాతకి జరిగిందే పాలెంలో నాకు జరిగేది. ఏది ఎక్కువ నొప్పో ఆ వయసులో తేల్చుకోలేకపోయాను. ఇప్పుడూ తేల్చుకోలేదు.

మన తెలుగులో ఒక సంగతి గమనించారా? "నేను వచ్చాను" అంటే ఆడో మగో తెలియదు. "మీరు వచ్చారు" అన్నా తెలియదు. "వారు చెప్పారు" అన్నా తెలియదు. ఎక్కడ తెలుస్తుందంటే "వాడు వచ్చాడు", "అది వచ్చింది" అన్నప్పుడు. అంటే ఏంటి? మర్యాద ఇచ్చి పిలిచినంతసేపూ ఆడా మగా అన్న తగువే రాదు. తక్కువ చేసి పిలిచేటప్పుడే వాడా, అదా అని తేల్చుకోవాల్సి వస్తుంది. మా సంఘంలో మేం పెట్టుకున్న మొదటి కట్టుబాటు ఇదే: చాప మీద కూర్చున్న ఎవరినైనా "మీరు" అనాలి, లేదా అక్కా, అన్నా అని వరస కలపాలి. ఏ వరసో వాళ్ళనే అడగాలి. రెండో కట్టుబాటు డబ్బు లెక్క. దాని దగ్గరికి వస్తాను.

1991 ఆగస్టు 6. నాకు తొమ్మిదేళ్ళు. చుండూరులో మనవాళ్ళు ఎనిమిది మందిని నరికి, గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. మా పాలెంలో మగవాళ్ళందరూ కర్రలు పట్టుకుని రాత్రుళ్ళు కాపలా ఉన్నారు. మాయమ్మ మమ్మల్ని తీసుకుని తెనాలిలో చుట్టాల దగ్గరికి పోయింది. అక్కడ శిబిరంలో చుండూరు నుంచి వచ్చిన కుటుంబాలుండేవి. వాళ్ళకి గంజి పోసినవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు, చీటీలు రాసినవాళ్ళు, రాత్రి పాటలు కట్టి పాడినవాళ్ళు ఎవరు? జీతగాళ్ళు కారు. మన పిల్లలే. నాకు వాలంటీరు అనే మాట అర్థమైంది అక్కడ. చచ్చిపోయినవాళ్ళని ఊరి చివర కాకుండా ఊరి నడిబొడ్డున పూడ్చారు. ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నాం. శవాన్ని ఎక్కడ పెట్టాలి, ఏ పేరుతో పెట్టాలి అన్నది చిన్న సంగతి కాదని మన ఉద్యమానికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఇది గుర్తుంచుకోండి. చివర్లో మళ్ళీ అడుగుతాను.

ఆ కేసు సంగతి మీకు తెలుసు. ప్రత్యేక కోర్టు 2007 జూలైలో శిక్షలు వేసింది. హైకోర్టు 2014 ఏప్రిల్లో అందరినీ వదిలేసింది. సరిగ్గా అదే ఏప్రిల్లో, 15వ తారీఖున, సుప్రీంకోర్టు నల్సా కేసులో తీర్పు చెప్పింది. ఆడా మగా కాక మూడో గుర్తింపు ఉంది, ఎవరి లింగం ఏదో చెప్పుకునే హక్కు వాళ్ళదే అని. మా వాళ్ళు స్వీట్లు పంచారు. నేను స్వీటు నోట్లో పెట్టుకున్నాను. వారం తిరిగేసరికి చుండూరు తీర్పు. ఒకే నెలలో ఒక కాయితం నన్ను మనిషినంది. ఇంకో కాయితం నా వాళ్ళని చంపినోళ్ళెవరూ లేరంది. ఈ రెండిట్లో ఏ ఒక్కదానితోనూ నేను బతకలేను. ట్రాన్స్ మీటింగుకి పోతే నా పాలెం గురించి మాట్లాడకూడదు, దళిత మీటింగుకి వస్తే నా ఒంటి గురించి మాట్లాడకూడదు అంటే, నేను సగం ప్రాణంతో తిరగాలి.

సంఘం ఎట్లా పుట్టిందో చెబుతాను. 2003, 2004 నుంచీ ఎయిడ్స్ ప్రాజెక్టులు జిల్లా జిల్లాకీ వచ్చాయి. నాకూ ఒక దాంట్లో పని దొరికింది. పీర్ ఎడ్యుకేటర్ అనేవాళ్ళు. వారానికి ఎంతమందిని కలిశావు, ఎన్ని నిరోధ్‌లు పంచావు, ఎంతమందిని రక్తపరీక్షకి తీసుకొచ్చావు, అంతా ఫారాల్లో రాయాలి. తప్పు పట్టడం లేదు. ఆ పని వల్ల, ఆ మందుల వల్ల బతికున్నవాళ్ళు నా కళ్ళముందు ఇరవై మంది ఉన్నారు. కానీ మమ్మల్ని లెక్కపెట్టింది రోగం దారిన. రోగం లేని రోజున మాతో పనేముంది? పైన మేనేజరు ఒకడు, వాడి పైన ఇంకొకడు, అందరూ పెద్ద కులాలోళ్ళు, మంచి ఇంగ్లీషు. మేం సందుల్లో తిరిగేవాళ్ళం, వాళ్ళు హోటల్లో మా గురించి మాట్లాడేవాళ్ళు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. చీర కట్టుకు రమ్మన్నారు, మాట్లాడమనలేదు. తర్వాత ప్రాజెక్టు అయిపోయింది. ఆఫీసుకి తాళం. కుర్చీలు కూడా వ్యాన్‌లో వేసుకుపోయారు. మనుషులం మిగిలాం. ఆ మిగిలిన మనుషుల్లో ఐదుగురం చాప కొనుక్కున్నాం.

కాబట్టి మాకు ఒకటి బాగా తెలుసు. డబ్బుతో వచ్చిన నాయకత్వం డబ్బుతోనే పోతుంది. ఎవరి గుమ్మం ముందు గొడవ జరిగిందో, ఆ గుమ్మం పక్కనున్నవాడే అర్ధరాత్రి లేస్తాడు.

పని అంటే ఏం పని? గొప్పగా ఏమీ ఉండదు. ఇంట్లోంచి గెంటేసిన పిల్లాడికి రెండు రాత్రులు పడక చూడటం. ఆస్పత్రిలో ఆడవాళ్ళ వార్డా, మగవాళ్ళ వార్డా అని తోస్తున్నప్పుడు పక్కన నిలబడటం. స్టేషన్‌కి పిలిచినప్పుడు ఒంటరిగా పోనివ్వకుండా ముగ్గురం వెళ్ళి బెంచీ మీద కూర్చోవడం. ఎక్కువ భాగం కూర్చోవడమే. మాట్లాడటం కన్నా లేవకుండా కూర్చోవడం వల్ల జరిగిన పనులే ఎక్కువ.

2024 సెప్టెంబరు 1 ఆదివారం. మా కూడిక రోజు. పొద్దునే బుడమేరు గండ్ల నీళ్ళు వచ్చి పడ్డాయి. సింగ్‌నగర్, వాంబే కాలనీ, పాయకాపురం, మీరంతా చూసినవే. అటు బారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. మా వాళ్ళు నలుగురు ఒక ఇంట్లో కింది వాటాలో అద్దెకుంటున్నారు. నీళ్ళు మెడదాకా వచ్చాక మెట్లెక్కితే, పైన ఉన్నవాళ్ళు తలుపు వెంటనే తీయలేదు. తర్వాత తీశారులెండి. తీసినాక వాళ్ళకి వండిపెట్టింది కూడా మా వాళ్ళే, గ్యాస్ బండ నెత్తిన పెట్టుకుని ఎక్కారు కాబట్టి.

మూడో రోజు నుంచి పడవల వాళ్ళకి దారి చూపించింది ఎవరనుకున్నారు? దుకాణం దుకాణం, గడప గడప తిరిగి అడుక్కునేవాళ్ళకి ప్రతి సందూ తెలుసు. ఏ ఇంట్లో మంచంలో ఉన్న ముసలాయన ఉన్నాడు, ఎక్కడ బాలింత ఉంది, ఏ మేడ మీదకి మెట్లు వెనకవైపున్నాయి, అన్నీ తెలుసు. పడవ ముందు కూర్చుని "ఇటు, ఇటు" అన్నారు. పాల ప్యాకెట్లు అందించారు. ఏ చేత్తో చప్పట్లు కొడితే మీకు చిరాకో ఆ చేత్తోనే తీసుకున్నారందరూ. ఎవరూ కాదనలేదు. నీళ్ళు తగ్గినాక మళ్ళీ మామూలే, కానీ నలుగురైదుగురు మాత్రం ఇప్పటికీ "అక్కా బాగున్నావా" అంటారు. ఆ నలుగురైదుగురి వల్లే ఇవాళ ఈ కూడికలో నాకు మైకు దొరికింది.

నష్టం లెక్క రాసుకోడానికి వచ్చారు. కింది వాటా మునిగితే పాతిక వేలు, పై అంతస్తుల వాళ్ళకి పది వేలు. మా ఇంటి ముందుకు వచ్చినాయన "కుటుంబ పెద్ద ఎవరు?" అన్నాడు. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకరిది మచిలీపట్నం వైపు, ఒకరిది గుడివాడ, ఇద్దరిది గుంటూరు. రక్తసంబంధం లేదు, రేషన్ కార్డు లేదు, అద్దె చీటీ లేదు. "మీరు కుటుంబం కాదుగా" అన్నాడు. తిట్టలేదు పాపం, మామూలుగానే అన్నాడు. ఆయన ఫారంలో గడి లేదు. మా డిగ్రీ కుర్రాడు అర్జీ రాశాడు, ఇంటాయన చేత సంతకం పెట్టించాం, పడవలో తీసిన ఫొటోలు జత చేశాం, నాలుగుసార్లు తిరిగాం. మావి మూడు ఇళ్ళు. రెండిటికి వచ్చింది. మూడోది రాలేదు.

అదే నెలలో ఢిల్లీలో ఇంకో సంగతి జరిగింది. కలిసి బతికే ఇద్దరు ఆడవాళ్ళనో ఇద్దరు మగవాళ్ళనో రేషన్ కార్డు కోసం ఒకే ఇంటివాళ్ళుగా చూడమని కేంద్రం ఆహార శాఖ రాష్ట్రాలకి రాసిందని ప్రకటన వచ్చింది. మాకది తెలిసేసరికి మూడు నెలలైంది. ఇప్పుడు దాన్ని ప్రింటు తీయించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని తిరుగుతున్నాం. చూపిస్తే చదువుతారు, తిరిగిస్తారు. అయినా చూపిస్తూనే ఉన్నాం.

కాయితాల గురించి కాస్త వినండి, ఇది మీకూ పనికొచ్చేదే. 2011 జనగణనలో దేశం మొత్తం మీద ఆడా మగా కాక 'ఇతరులు' అని రాయించుకున్నవాళ్ళు 4,87,803 మంది. అందులో ఎస్సీలు 78,811. ఆరుగురిలో ఒకరు మన పిల్ల. భయపడి రాయించుకోనివాళ్ళు ఎంతమందో ఆ పుస్తకంలో ఉండదు. ఈ 78 వేల మందికి కుల సర్టిఫికెట్ ఏ పేరుతో ఉంటుంది? బడిలో వేసిన మగపిల్లాడి పేరుతో. 2019లో ట్రాన్స్‌జెండర్ చట్టం చేశారు, 2020 నుంచి కలెక్టరు గుర్తింపు కార్డు ఇవ్వడం మొదలైంది. కార్డు మీద ఒక పేరు, కుల కాయితం మీద ఇంకో పేరు. అడిగితే "ఇద్దరూ ఒకరేనని రుజువేంటి" అంటారు. కాబట్టి మా వాలంటీర్ల మొదటి పని, కార్డు రాగానే ఆ కార్డు చూపించి కుల సర్టిఫికెట్ మీద కూడా పేరు మార్పించడం. ఇందులో మీ సాయం కావాలి. ఊళ్ళోకి విచారణకి వచ్చినప్పుడు "అవును, ఈమె ఫలానా ఇంటి బిడ్డే, మా కులపు మనిషే" అని చెప్పాల్సింది మీరు. కన్నవాళ్ళు చెప్పకపోతే పాలెం పెద్దలు చెప్పాలి.

ఎందుకంత పట్టుదల అంటారా? ఈ 2019 చట్టంలో 18వ సెక్షన్ ఉంది. ట్రాన్స్ మనిషిని కొట్టినా, చెరిచినా ఆరు నెలల నుంచి రెండేళ్ళ శిక్ష. చెరిస్తే కూడా రెండేళ్ళే! మన 1989 అట్రాసిటీ చట్టంలోనూ 18వ సెక్షన్ ఉంది. అది ముందస్తు బెయిలు లేదంటుంది. రెండు పద్దెనిమిదులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. మా మీద చెయ్యి వేసినవాడు పెద్ద కులంవాడైతే మాకు ఏ చట్టం అక్కరకొస్తుంది? కారంచేడు నెత్తురు తర్వాత మీరు కొట్లాడి తెచ్చిన చట్టమే. అది వాడుకోవాలంటే నా చేతిలో నా పేరుతో కుల కాయితం ఉండాలి. లేకపోతే నేను ఎస్సీనని కోర్టులో ఎవరు చెబుతారు?

రిజర్వేషన్ దగ్గరా ఇదే ముడి. నల్సా తీర్పు మమ్మల్ని వెనకబడిన తరగతిగా చూడమంది. మాదిగ ఇంట్లో పుట్టిన ట్రాన్స్ పిల్ల ఎస్సీలో నిలబడాలా, బీసీలో నిలబడాలా? తమిళనాడులో గ్రేస్ బాను అనే మన దళిత అక్క ఏళ్ళ తరబడి అడుగుతున్నది సమాంతర రిజర్వేషన్. ఆడవాళ్ళకి ఉన్నట్టు ప్రతి వరసలోనూ మాకో చోటు. ఎస్సీలో ఎస్సీ ట్రాన్స్‌కి, బీసీలో బీసీకి. కర్ణాటక 2021లో ఒక శాతం ఇచ్చింది. మన దగ్గర పింఛను ఇచ్చారు. 2018లో 1500తో మొదలైంది, 2024 జూలై నుంచి 4000 అయింది. కాదనను, నేనూ తీసుకుంటున్నాను. కానీ పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఉద్యోగం బదులు పింఛనిస్తే, నువ్వు ముసలిదానివైపోయావు, మూల కూర్చో అన్నట్టు లేదూ?

ఆడపిల్లల సంగతి మర్చిపోతానేమోనని బట్టల షాపు అమ్మాయి కళ్ళెర్రజేస్తోంది. మేం చప్పట్లు కొట్టి అరిచేవాళ్ళం, కనబడతాం. ఒక ఆడపిల్ల ఇంకో ఆడపిల్లని ప్రేమిస్తే కనబడదు. స్నేహితురాళ్ళనుకుంటారు. తెలిసిన రోజున పెళ్ళి చేసేస్తారు, లేదా బంధిస్తారు. 2024 డిసెంబరులో మన హైకోర్టు ముందుకు అలాంటి కేసే వచ్చింది. విజయవాడలో కలిసి బతుకుతున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని కన్నవాళ్ళు తీసుకుపోతే, రెండో ఆమె హెబియస్ కార్పస్ వేసింది. మేజరైన ఆమె ఎవరితో ఉండాలో ఆమె ఇష్టం, కన్నవాళ్ళు జోక్యం చేసుకోకూడదని కోర్టు చెప్పింది. 2025 జూన్‌లో ఇంకో కేసులో, పెళ్ళాడిన ట్రాన్స్ స్త్రీ కూడా స్త్రీయే, 498ఎ ఆమెకూ వర్తిస్తుందని అదే హైకోర్టు చెప్పింది. ఆ కేసు సాక్ష్యం లేదని కొట్టేసినా ఆ మాట మిగిలింది. ఇవన్నీ మన అమరావతి కోర్టులోనే జరిగాయి. ఎక్కడో అమెరికా సంగతులు కావు.

ఇదంతా పడమటి దేశాల జబ్బు, అంబేడ్కర్‌కీ దీనికీ ఏం సంబంధం అని నన్ను ఒక కార్యకర్త తమ్ముడు నిలదీశాడు. తమ్ముడూ, ఇది విను. బొంబాయిలో ఆర్.డి. కర్వే అని ఒకాయన 'సమాజ స్వాస్థ్య' అనే మరాఠీ పత్రిక నడిపేవాడు. కుటుంబ నియంత్రణ గురించి, స్త్రీ పురుషుల శరీర సంగతుల గురించి పాఠకుల ప్రశ్నలకి దాచకుండా జవాబులిచ్చేవాడు. అందులో ఆడవాళ్ళ మధ్య, మగవాళ్ళ మధ్య కోరికల ప్రశ్నలూ ఉండేవి. బూతు పత్రిక అని కేసు పెట్టారు. 1934లో హైకోర్టులో ఆయన తరఫున నిలబడ్డ లాయరు ఎవరు? బాబాసాహెబ్ అంబేడ్కర్. అడిగినవాళ్ళకి తెలివిడి ఇవ్వడం తప్పెలా అవుతుందని వాదించాడు. స్వలింగ కోరిక వికృతం కాదని ఆనాటి శాస్త్ర పుస్తకాలు పట్టుకుని వాదించాడు. ఓడిపోయాడు. కర్వేకి రెండొందలు జరిమానా పడింది. అప్పటికి పూనా ఒప్పందం అయ్యి రెండేళ్ళు కాలేదు, ఆయనకి తలకు మించిన పనులు. అయినా ఆ కేసు తీసుకున్నాడు. బాబాసాహెబ్ సిగ్గుపడని చోట మనం సిగ్గుపడదామా?

1871లో తెల్లోళ్ళు నేరస్త జాతుల చట్టం చేసినప్పుడు అందులో ఒక భాగం సంచార కులాల మీద, రెండో భాగం హిజ్రాల మీద. మా ఎరుకల పిల్ల అవ్వవాళ్ళది స్టూవర్టుపురం. అక్కడి వాళ్ళని పుట్టుకతో దొంగలని హాజరు వేసిందీ ఆ చట్టం సంతతే. అటు నిజాం రాజ్యంలోనూ హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించే చట్టం 1919లో వచ్చింది, దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది మొన్న 2023లో. ఎరుకల పిల్లా నేనూ పక్కపక్కన కూర్చుంటే మా ఇద్దరికీ ఒకటే పాత కేసని నవ్వుకుంటాం.

ఇక మా లోపలి తప్పులు. చెప్పకపోతే మీరే వెతుకుతారు. డబ్బు దగ్గర ఒకసారి విడిపోయాం. వరదప్పుడు ఎవరో పంపిన ముప్ఫై వేల లెక్క ఒకామె నోటితో చెప్పింది గానీ రాయలేదు. దొంగ అన్నాం. ఆమె వెళ్ళిపోయింది. తర్వాత చూస్తే దొంగతనం లేదు, రాత లేదంతే. బతిమాలినా ఆమె రాలేదు. అప్పటి నుంచి పది రూపాయలైనా రాస్తాం, ఆదివారం పైకి చదువుతాం. కులం కూడా మా మధ్య ఉంది. హిజ్రా ఇంట్లో చేరితే కులం పోతుందంటారు. నేను చేరిన ఇంట్లో గిన్నెలు తోమేది ఎవరో, దేవుడి గది తుడిచేది ఎవరో చూసినాక నాకా భ్రమ పోయింది. గురువు అంటే మాకు తల్లితో సమానం, ఆ తల్లిని ఎదిరించి మాట్లాడటం ఇంకా మాలో చాలామందికి రాదు. ఒకరే నాయకురాలైతే మళ్ళీ అదే గురువు గద్దె అవుతుందని, మూడు నెలలకొకసారి రిజిస్టరు చేతులు మారుస్తున్నాం. ఈ మూడు నెలలూ లారీ రంగుల తమ్ముడి దగ్గర ఉంది. వాడికి రాత రాదు. పక్కన కూర్చుని ఇంకొకరు రాస్తారు, వాడు వేలిముద్ర వేస్తాడు. బాగానే నడుస్తోంది.

ఇప్పుడు నేను అడగడానికి వచ్చింది అడుగుతాను.

2022లో మా అక్క ఒకామె చనిపోయింది. నన్ను చీర కట్టించి మొదటిసారి అద్దం ముందు నిలబెట్టిన మనిషి. ఆమెది కాలవ కింద పాలెమే, నేను ఊరు చెప్పను. ఇరవై ఏళ్ళు ఇంటికి రానివ్వలేదు గానీ ఆమె పంపిన డబ్బుతో ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేశారు. శవాన్ని తీసుకుపోయారు. మేం ఆటోలో వెనకాల వెళ్ళాం. మేం వెళ్ళేసరికి జుట్టు కత్తిరించేశారు. ప్యాంటూ చొక్కా తొడిగారు. చెవులకున్న దుద్దులు తీసేశారు. ప్రార్థనలో ఆమె వదిలేసిన పేరుతో పిలిచారు. మమ్మల్ని గోడ బయట నిలబడమన్నారు. నిలబడమన్నది ఆసాములు కాదు. ఆ శ్మశానం నేల కోసం ఏళ్ళ తరబడి కలెక్టరాఫీసు ముందు ధర్నా చేసిన మన పాలెం వాళ్ళే. ఆ ధర్నాలో మా అక్క కూడా కూర్చుంది. అప్పుడు ఆమె వయసు పదిహేడు.

కాబట్టి అడుగుతున్నాను. ఇక్కడ పద్నాలుగు ఊళ్ళ నుంచి వచ్చారు. మీ మీ పాలెం సంఘంలో ఒక తీర్మానం రాయండి. మా పాలెంలో పుట్టిన హిజ్రా గానీ, ట్రాన్స్ గానీ చనిపోతే వాళ్ళు బతికిన పేరుతో, వాళ్ళు కట్టుకున్న బట్టతో, మా నేలలోనే పూడుస్తాం, వాళ్ళ వాళ్ళని గోడ లోపలికి రానిస్తాం అని. నాలుగు వాక్యాలు. ప్రభుత్వం ఇవ్వాల్సింది కాదు, కోర్టుకి పోవాల్సింది కాదు, రూపాయి ఖర్చు లేదు. చేతిలో ఉన్న పని. బతికుండగా మా కాయితాల కోసం మేం తిరుగుతాం. ఆ ఒక్కటీ మాత్రం మేం చేసుకోలేం.

తీర్మానం నమూనా మా కుర్రాడు రాసి తెచ్చాడు, బల్ల మీద ఉంది. పక్కనే మా రిజిస్టరు కూడా పెడుతున్నాను. మీ ఊళ్ళో ఎవరికైనా మా అవసరం ఉందనుకుంటే అందులో ఊరు పేరు రాయండి, మనిషి పేరు వద్దు. ఎవరూ చూస్తుండగా రాయలేమంటారా, భోజనాలప్పుడు నేను కాలవ వైపు చెట్టు కింద ఉంటాను, వచ్చి చెప్పండి.

జైభీమ్.